గంటకోసారి అడిగే యంత్రం

హలో… ఆ, నేనే, పెద్దాసుపత్రి కంప్యూటర్ యంత్రాల గది పెయ్‌రుని. చెప్పు మెయ్‌ఫాంగక్కా, ఏంటక్కడ ఆ కేకలు?…

ఎవరు? మన సోయా పాల లాయ్ తాతా?… ఫెంగ్‌యువాన్ దారిలో స్కూటర్ మీంచి పడ్డాడా! మీ బ్రాంచికే తెచ్చారా?… నువ్వు సూది వేశాక ఊపిరాడట్లేదా?… తల దెబ్బ అంటున్నారా డాక్టరుగారు?

ఉండు, చూస్తున్నా. లాయ్… లాయ్ చిన్‌షుయ్— అయ్యో అక్కా! పెన్సిలిన్ పడదని ఇక్కడ ఎర్రగా ఉంది! ఇందాకే మా పెద్దాసుపత్రిలో పన్ను పీకించుకున్నాడు. మాత్ర వేస్తే ఒళ్లంతా దద్దుర్లు. తల దెబ్బ కాదు, ఆ సూదే! చెప్పు పో! పరిగెత్తు!

…

చెప్పావా?… విరుగుడు ఎక్కిస్తున్నారా? హమ్మయ్య…

ఏంటీ, మీ తెర మీద లేదా?

…లేదు. ఉండదు.

తాతెలా చెప్తాడక్కా, నోటి నిండా దూది కుక్కి పంపారు గదా!

ఎందుకంటే… మీ దగ్గరున్నది మా రికార్డుల నకలు. ఇంతకు ముందు అది క్షణక్షణం మా యంత్రాన్ని ‘కొత్తవేమైనా ఉన్నాయా?’ అని అడిగేది. అడగడానికే దాని సత్తువంతా పోయేది. తెరలు బిగుసుకుపోతే నువ్వే కదా తిట్టావు, దీనికంటే ఎద్దుబండి నయమని?… అందుకే గంటకోసారి అడిగేలా పెట్టాను. మా పైఅధికారి, కొ సారే పెట్టమన్నారు.

…పొట్లమా? వేగం పెరిగింది పొట్లం వల్ల కాదు తల్లీ! యంత్రం బుద్ధిగా ఉండాలని దాని నెత్తిన పెడతాం చూడు, ఆకుపచ్చ చిరుతిళ్ల పొట్లం… గడువు దాటిందని ఆ రోజే కొత్తది పెట్టారు. వేగం పెరిగింది. అందరూ పొట్లానికి దణ్ణం పెట్టారు. తెర గంట వెనకుంటుందని వార్డులకి చెబుదాం సార్ అని మొత్తుకున్నా. ‘పొట్లం పనిచేసింది, పద’ అని నవ్వారు.

ఆ… ఇప్పుడే పాత పద్ధతికి తిప్పాను. తెర బిగుసుకుంటుంది, కంగారుపడకు… ఆగిపోయిందా? ఆగనీ. మొత్తం లాగుతోంది…

అక్కా?… ఏంటా పొడుగు కూత, గుండె చూసే యంత్రానిదా?… డాక్టరుగారు ఏమంటున్నారు?

…

గుండె నొక్కడం ఆపి చేతులు తీసేశారా…

పొద్దున నా గ్లాసు నింపి మరీ పన్ను పీకించుకోడానికి వెళ్లాడక్కా. ఇంకా బల్ల మీదే ఉంది, తాగనేలేదు…

ఏడవకు. సూది వేసింది నువ్వే అయినా, కారణం నువ్వు కాదు. నా మాట విను, నువ్వు కాదు…

ఏంటి?… తెర కదిలిందా?… ఎర్రగానా?… చదువు.

…

అవునక్కా. అదే… ఇప్పుడొచ్చింది.

హలో?… అక్కా?…