సరస్సుకు వీపు పెట్టి

సియాటిల్ సరస్సులో దుంగల వరసకు కట్టేసిన పడవల్లో ఒకదాని మీద, ఏటా లాగే ఆమె మోటారు పడవల పందేనికి వీపు పెట్టి కూర్చుంది. ముప్పై తొమ్మిదేళ్ల కిందట నాన్న పడవ గాల్లో పల్టీ కొట్టి ఆయన పోయినప్పటి నుంచి అంతే. విమానం ఇంజన్ బిగించిన ఆ పాత పడవనే బాగుచేసి, ఇవాళ మొగుడు ఆర్విడ్ తోలుతున్నాడు. బైనాక్యులర్స్‌తో చూసి చెప్పే పని ఆడపడుచుది.

"వదినా, అన్నయ్య రెండో మలుపు తిరిగాడు. వెనక నీటి తోక మూడంతస్తులు లేచింది!"

"అరవై దాటినా ఆ మనిషికి తోక ఊపే సరదా పోలేదు."

"ఒక్కసారి చూడొచ్చుగా?"

"చెవులు చాలు. ఆ ఇంజన్ అరుస్తున్నంతసేపూ నాకు మొగుడున్నట్టే."

అంతలో ఇంజన్ టక్కున ఆగిపోయింది.

"చెప్పవేమే? నీ ఇంజన్ కూడా ఆగిందా?"

"పొగ వదినా. పడవ కనబడటం లేదు."

"తోలేవాడు బాగానే ఉన్నానని చెయ్యి ఊపితే పడవలన్నీ హారన్ కొట్టాలిగా! నాన్నప్పుడు ఒక్కటీ మోగలేదే..."

దూరంగా ఒక హారన్ మోగింది. ఆ వెంటనే దుంగల వరస పొడుగునా పడవలన్నీ గోల పెట్టాయి.

"ఇంజన్ చచ్చింది, అన్నయ్య బతికాడు! పడవ ముక్కు మీద నిలబడి, లాక్కెళ్లడానికి వచ్చినవాణ్ని తిడుతున్నాడు!"

"తిడుతున్నాడా? అయితే ఏ దెబ్బా తగల్లేదు."

ఆమె కళ్లు తుడుచుకుని, గిర్రున సరస్సు వైపు తిరిగింది.

"ఏదీ, ఆ బైనాక్యులర్స్ ఇలా ఇవ్వు. ఏం తిడుతున్నాడో మూతి చూసి నేను చెబుతాను."