సమ్మె వ్యాసంలో చివరి వాక్యం

పెద్దాయన తన ఆఖరి సంపుటానికి పాత వ్యాసాలు ఏరుతున్నాడు. నలభై ఏళ్లు వాటికి సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటర్ ఎదురుగా కూర్చుని కళ్లజోడు తుడిచిందే తుడుస్తున్నాడు.

“అయ్యా, మిల్లు సమ్మె వ్యాసంలో చివరి వాక్యం తీసేయండి.”

“‘చేతులు ఆగాకే మేం మీకు కనిపించాం.’ జనానికి కంఠతా వచ్చింది అదొక్కటేనయ్యా!”

“అది మీరు రాయలేదు. పేజీ అడుగున ఒక లైను ఖాళీ మిగిలితే నేనే కూర్చాను.”

“ప్రూఫు చూసిన రోజే తెలుసు.”

“మరి కొట్టెయ్యలేదేం?”

“పనివాళ్ల గురించి నేను బోలెడు రాశాను. పనివాడు రాసింది ఆ ఒక్క లైనే. చెయ్యి రాలేదు. నీ పేరు వెయ్యకపోవడం మాత్రం నా తప్పు. ఈసారి వేద్దాం.”

“ఎక్కడండీ? ఆ పేజీలో ఇక చోటు లేదుగా!”

“నా పేరు కాస్త పక్కకు జరుపు.”