పెద్దాయన అనని మాట

ఆ మాట నీదేనక్కా. ఇవాళ్టిదాకా పైకి అనలేదు నేను, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. ఇప్పుడు ప్రెస్సు యజమాని భోజనానికి వెళ్ళాడు, అచ్చు మిషన్ ఆపేశారు. గదిలో నేనూ, ఈ క్యాలెండరు ప్రూఫులూ. నువ్వు పోయి రెండేళ్ళు. అయినా వింటావుగా?

"మనిషి కంటే కోపమే ఎక్కువ కాలం బతుకుతుంది." కింద రచయిత పెద్దాయన పేరు, పక్కన ఆయన ఫొటో. గడ్డం, కళ్ళజోడు, ఎటో చూపు. పుస్తకాలు రాసిన మొహం మరి, ఎంత నప్పిందో చూడు! మా దగ్గర పద్ధతే అంతలే. పేరు లేని మాట దొరికితే, ఆ నెల ఏ రచయిత ఫొటో ఖాళీగా ఉంటే ఆయన నోట్లో పెట్టేస్తాం. "పోయినాయన లేచొచ్చి అడుగుతాడా?" అంటాడు యజమాని.

కానీ ఇది మేం పెట్టింది కాదు. ఊళ్ళో ఫోన్లన్నీ తిరిగి, ఆయన పేరుతోనే మా దాకా వచ్చింది.

నిజం చెప్పనా? ఆయనదే అయితే బాగుండుననుకున్నాను. నువ్వెక్కడో చదివి అప్పజెప్పావనుకుంటే, అది అమ్మ గురించి కాకుండా పోతుందిగా! అందుకే ఆయన రాసినవన్నీ తెచ్చుకున్నాను. పదో తరగతి తప్పినదాన్ని, వరస మీద వేలు పెట్టుకుని మరీ చదివాను. లేదే! ఎక్కడా లేదు.

అప్పుడు వెళ్ళాను, నీ డాక్టరు దగ్గరికి. ఏదో సభలో ఆయనే చెప్పాడట. ఎవరన్నారండీ అని అడిగితే, ఎవరో పెద్ద రచయిత అనేశాడట. "పేషెంటు అందంటే ఎవరు రాసుకుంటారమ్మా?" అన్నాడు.

నువ్వన్నది అలా కాదుగా. నేను నీ మంచం పక్క స్టూలు మీదే ఉన్నాను. మొగుణ్ణి వదిలేసి వచ్చావని అమ్మ నిన్ను గుమ్మం తొక్కనివ్వలేదు, ఆస్పత్రికీ రాలేదు. మీ అమ్మగారు రాలేదేమని ఆయన అడిగితే నవ్వావు. "మా అమ్మ కోపానికి బీపీ లేదు, షుగరు లేదు డాక్టరుగారూ. నాకంటే అదే ఎక్కువ కాలం బతుకుతుంది." ఆయనా నవ్వాడు, నర్సూ నవ్వింది. నేనొక్కదాన్నే తలుపు వైపు చూశాను.

ఆ నోటా ఈ నోటా పడి నున్నబడిందక్కా. ముందు బీపీ రాలిపోయింది, తర్వాత డాక్టరు. చివరికి అమ్మ కూడా జారిపోయింది అందులోంచి.

ఆ మాట ఇవాళ పొద్దున అమ్మే నాకు పంపింది, గులాబీ బొమ్మతో! వెంటనే ఫోన్. "ఎంత బాగా చెప్పాడే మహానుభావుడు! మీ అక్క ఇది చదివి ఉంటేనా, పంతం వదిలి నా దగ్గరికి వచ్చి ఉండేది. దానికంత కోపం ఉండబట్టే కదా, నన్ను చూడకుండా పోయింది!"

అవునమ్మా అన్నాను. అవునట!

చెబితే నువ్వేమన్నా తిరిగొస్తావా? ఆవిడకి పట్టే కాస్త నిద్రా పట్టదు. చెప్పకపోతే మాత్రం, నీ మాటతోనే నిన్ను తిడుతుంది, చుట్టాలందరి దగ్గరా, బతికున్నన్నాళ్ళూ. ఏం, పోయినా వదలరా నిన్ను?

ఊరుకోవే అంటావు. నువ్వయితే నవ్వేసేదానివి. నాకు నవ్వు రావటం లేదక్కా.

అమ్మకి ఫోన్ చేస్తాను, ఇప్పుడే. ఎత్తగానే తిన్నావా అంటుంది. తిన్నాననే చెబుతాను ముందు. ఆ తర్వాత చెబుతాను, అది ఎవరన్నారో, ఎవరి గురించి అన్నారో.