శుక్రవారం డ్యూటీ

మెట్‌పల్లి బస్టాండులో తల్లి, ఇంటర్ చదివే కూతురు బస్సు కోసం కూర్చున్నారు. తండ్రి సౌదీలో పనిచేస్తాడు.

"ఫోన్ ఇటియ్యి. మీ బాపు గుంజుకొమ్మన్నడు. గా ఇన్‌స్టాగ్రామ్ ఇడువకుంటే కాలేజీ బంద్ అన్నడు."

"నేను బంద్ జేస్తే బాపుకే దోస్తు కరువైతది."

"దోస్తేందే?"

"శ్వేత. గులాబిపువ్వు ఫోటో పెట్టుకున్నది. కరీంనగర్‌ల డిగ్రీ చదువుతదట. ఇన్‌స్టాగ్రామ్‌ల శుక్రవారం శుక్రవారమే నాతోని ముచ్చట పెడ్తది. సౌదీల సెలవెన్నడవ్వా?"

"శుక్రవారమే. అయితే?"

"మొన్న 'తిన్నవా బిడ్డా' అన్నది. నా ఈడు పిల్ల నన్ను బిడ్డా అంటదా?"

తల్లి నవ్వింది.

"నీ బాపుకు దొంగతనం గూడ చాతగాదు. తెల్సి ఎందుకు మాట్లాడుతున్నవ్?"

"బాపు ఫోన్ జేస్తే తిట్లే. శ్వేత మంచిగ మాట్లాడ్తది."

"పోనీతియ్. ఆడపిల్ల తండ్రి, ఫికరుంటది."

"నా మీద ఫికర్ దసరాకే అయిపోయింది. ఇప్పుడు నీ గురించే అడుగుతుండు. 'మీ అవ్వ మిషన్ కుట్టేకాడికి ఎవరెవరొస్తరు? ఫోన్‌ల ఎవరితోని మాట్లాడ్తది?' అని."

బస్సు వచ్చింది. తల్లి లేవలేదు.

"నువ్వేం చెప్పినవ్?"

"ఏం చెప్పలే. ఏం రాయాల్నో నువ్వే చెప్పు."

"రాయి. 'మా అవ్వ శుక్రవారమంత మా బాపు ఫోన్ కోసం చూస్తది. ఆయన డ్యూటీల ఉన్ననంటడు. గా డ్యూటీ ఏందో ఇయ్యాల తెలిసింది.'"

"రాసిన. మరి ఫోన్ గుంజుకుంటవా?"

"నీ కాడనే ఉండనియ్యి. లేకుంటే పాపం, ఆయన డ్యూటీ పోతది."