బస్సు కిటికీల పడవ

కోట్‌పల్లి ప్రాజెక్టు ఒడ్డున, రాళ్ల మీదికెక్కించిన పాత చేపల పడవ. చాలా ఏళ్లు దాన్ని నడిపిన ఇబ్రహీం కిటికీలు బిగిస్తున్నాడు. పడవ యజమాని మొగులప్ప పక్కన నిలబడ్డాడు.

“సూడు మొగులప్పా, ఏలుతోని నూకితె జరుగుతుంది. బస్సుకున్నప్పుడు సుత గింత సాఫు జరగలే.”

“మంచిగున్నది భాయ్. కానియ్యి.”

“పాత బస్సు కిటికీలంటె నవ్విన గని, తాండూరు తుక్కు దుకాణంల మస్తు సరుకే వట్టినవ్. జర గీ కిటికీ పట్టీ వట్టు, దాని అడుగుకు తూట్లు గొడత.”

“తూట్లెందుకు?”

“వాన నీళ్లు గీ సందుల నిలిస్తె పడవలకే కారుతయ్. బయటికి పోవాలె గద.”

“వద్దు తియ్. తూట్లు వద్దు.”

“వద్దంటవేంది? టూరిస్టుల బట్టలు తడిస్తె తిట్లు నాకు, నీకు గాదు. నడిపేటోన్ని నేను.”

“పైన... షెడ్డేస్తరు భాయ్.”

“పడవకు షెడ్డా! ఎండకు నల్లబడ్తదా ఏంది?”

“నవ్వకు.”

“నవ్వక? మా ఇంటామె అలీమాబీ తొలి చక్కర్‌ల గీ కిటికీ కాన్నే కూసుంటదంట. కొత్త చీర గూడ తీసి వెట్టింది. అన్నట్టు, నా ఇంజన్ ఎప్పుడొస్తది? రిపేరని తాండూరు తీస్కపోతివి.”

“వస్తది, వస్తది... ముందు కిటికీలు కానియ్.”

“నిన్న గూడ గట్లనే అన్నవ్. గా షెడ్డేసేదెవరు?”

“అనంతగిరి దిక్కు ఎవరో రిసార్టోళ్లు.”

“ఆళ్లకేం పని మన పడవతోని?”

“తోటల వెట్టుకుంటరంట. రూము లెక్క. మనుషులు పండుకుంటరు.”

“తోటల? నీళ్లల్ల గాదా?”

“గుట్ట మీద నీళ్లేడ ఉంటయి భాయ్.”

“చేతుల చెయ్యేసి ఏమన్నవ్ మొగులప్పా? పడవ నాది, ఇంజన్ నీది, నడిపేది నువ్వు అన్నవ్.”

“అన్న. కాదంటలేను.”

“ఇన్ని దినాల సంది ఎండల నాతోని బిగిపిస్తున్నవ్. ఒక్కనాడన్న నోరిడిస్తివా?”

“చెప్తె బిగిస్తుంటివా?”

“ఇగో, స్క్రూల డబ్బ నువ్వే వట్టు. నీ పడవను నువ్వే గుట్టెక్కిచ్చుకో. నా ఇంజన్ నాకియ్యి. ఇంకో పడవకు వెట్టుకుంట.”

“భాయ్...”

“రిపేరు ఏడ ఇచ్చినవో చెప్పు. నేనే పోయి తెచ్చుకుంట.”

“పోకు భాయ్.”

“ఎందుకు పోవద్దు?”

“గీ కిటికీలు ఏమిచ్చి తెచ్చిననుకున్నవ్?”