దీపం పక్కన సీసా

కామాటిపురలో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే ఓ పాత చాల్, రెండో అంతస్తు. షుగర్ జబ్బున్న పదిహేనేళ్ల రుతుజను చూడటానికి నర్సు మమత మళ్లీ వచ్చింది. తల్లి రత్నాబాయి పనికి పోయింది. మమత రక్తంలో షుగర్ చూసిందో లేదో, గొడవ మొదలైంది.

"మళ్లీ నాలుగొందలు దాటింది. ఇప్పుడన్న నిజం చెప్తవా, రుతుజా?"

"నిజమే చెప్తున్న మమతక్క. ఇన్సులిన్ సూది రోజు తీసుకుంటున్న."

"తీసుకుంటే ఇంత ఎందుకుంటది?"

"నాకేం ఎర్క."

"నీకు గాక ఇంకెవరికి ఎర్క? మొన్న సోయి తప్పి పడితివి. ఇంకోసారి పడితే లేస్తవో లేవో నాకే భరోసా లేదు."

"లేవకపోతే లేవ."

"ఆ మాట అనకు. నాకు కోపమొస్తది."

"నువ్వొచ్చిందే కోపంతోని గద."

"రాదా మరి? ఎల్లమ్మను తలుచుకొని సూది పొడుచుకో, భయం పోతది అని చెప్పిన. సూది మానేసి తలుచుకో అన్ననా?"

"మానలే అంటున్న గద. ఇగో, పొట్ట చూడు. సూది గుర్తులు గావా ఇవి?"

"...ఉన్నయ్."

"ఇప్పుడన్న నమ్ముతవా?"

"అయితే మందులోనే ఏదో తేడా ఉంది. సీసా తే."

"లోపలుంది."

"ఏ లోపల? మీకున్నదే ఒక్క ఖోలీ."

"అమ్మ వచ్చినంక తీస్త."

"నేనే చూసుకుంట. జరుగు."

"వద్దక్క, అది దేవుని గూడు. స్నానం చేసినవో లేదో..."

"పొద్దుగాలనే చేసిన. జరుగు... ఇదేంది? దీపం పక్కన పెట్టిన్రా?"

"ఎల్లమ్మ ముంగట ఉంటే మందు మంచిగ పనిచేస్తదని అమ్మ..."

"సీసా వేడిగున్నది. ఈ దీపం ఎప్పుడు ఆర్పుతరు?"

"ఆర్పరు. అఖండ దీపం."

"వేడికి ఇన్సులిన్ చెడిపోతది. ఇన్నాళ్లు నువ్వు ఉత్త నీళ్లు పొడుచుకున్నట్టే. చల్లగ పెట్టమని మీ అమ్మకు చెప్పిన గద."

"మరిచిపోయిందేమో."

"ఆమె వచ్చినంక మళ్లీ చెప్త."

"వద్దు."

"తిట్టనులే. దేవుని కాడ పెట్టకు అని గూడ అన. ఒక కొత్త కుండ తెద్దం. బోనం కుండకు చేసినట్టే పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపాకు కడదం. అడుగున నీళ్లు పోసి, సీసాను డబ్బాల పెట్టి అండ్ల దించుదం. దీపానికి దూరంగ, ఎల్లమ్మకు ఆ పక్కన పెడదం. చల్లగ ఉంటది, తల్లి ముంగట్నే ఉంటది. నేను గూడ ఆ తల్లికి మొక్కేదాన్నే."

"కుండ పెట్టుక్క. దీపం మాట మాత్రం అమ్మతోని అనకు."

"అనకపోతే రేపు మళ్లీ తెచ్చి ఈడనే పెడుతది. ఆమెకు తెల్వాలె గద. నీకు గూడ ఇప్పుడే తెలిసె."

"నాకు ఎప్పటినుంచో తెలుసు. చల్లగ పెట్టాలని నువ్వు అమ్మకు చెప్పంగ నేను గూడ విన్న. రోజు చేతిల పట్టుకునేది నేనే గద. వేడి తెల్వదా?"

"తెలిసి... తెలిసి గూడ పొడుచుకున్నవా? పానం మీదికి తెచ్చుకుంటివి గద పిచ్చిదానా. ఒక్క మాట చెప్తే మీ అమ్మ దీపాన్ని పక్కకు జరిపేది."

"జరిపేది. జరిపినంక ఒక్కతే కూసొని ఆలోచన చేసేది. నాయిన గూడ ఇదే సూది పొడుచుకుంట పొడుచుకుంట షుగర్‌తోనే పోయిండక్క. ఆయన సీసా గూడ అమ్మ ఈడనే పెట్టేది."