కిరీటం కోరిన కాపలావాడు

నాటకం సగంలోనే తెర పడింది. గ్రీన్‌రూములో అట్టకిరీటం ఒళ్లో పెట్టుకుని కూలబడిన భర్తకు ఆమె మంచినీళ్లందించింది.

"ఇన్నేళ్లూ ద్వారపాలకుడి వేషం వేశారు. ఉన్నది ఒక్క డైలాగు, ఏనాడైనా తప్పారా?"

"నన్ను ఎగదోసింది మీ తమ్ముడే కదే! 'బావా, నీ మీసానికి కిరీటం ఒక్కటే తక్కువ' అన్నాడు."

"రాజు వేషం కట్టే పెద్దాయనకి గొంతు పోయిందని పుకారు పుట్టించమన్నదీ వాడేనా?"

"అదీ వాడే."

"సరే, సింహాసనం ఎక్కారు. ఆ తర్వాతేమొచ్చింది?"

"జనాన్ని చూడగానే మాటలన్నీ ఆవిరైపోయాయి. అలవాటైన ముక్కే నోట్లోంచి ఊడిపడింది."

"అవును. 'మహారాజుగారు వేంచేస్తున్నారహో!' అని మీరే అరిచి, మీరే దిగొచ్చి, ఖాళీ సింహాసనానికి వంగి దండం పెట్టారు."

"బాగా నవ్వారా?"

"ముందువరుసలో ఒకాయనకి నవ్వలేక పొలమారింది."

అతనికి కళ్లనీళ్లు తిరిగాయి. "బుద్ధొచ్చిందే. ఇక మీ తమ్ముడి మాట చెవిన పెడితే ఒట్టు."

"మంచిది. బయట వాడేదో వాగుతున్నాడులెండి. మీ దెబ్బకి దర్శకుడు మానేసి వెళ్లిపోయాడట. ఆ స్థానానికి మీరైతే దివ్యంగా ఉంటారట."

అతను ముక్కు తుడుచుకుని, గుమ్మం వైపు చూశాడు.

"ఆ స్థానం ఇంకా ఎవరూ అడగలేదటా?"